సౌందర్య సాధనాలలో నిల్వకారకాలు: పారాబెన్ల కథ



మనం రోజూ ఒంటికి రాసుకొనే వస్తువులలో కంటికి కనిపించకుండా ఉండే ఒక పదార్థం గురించి ఈ రోజు మాట్లాడుకుందాం. పొద్దున్నే తలకు షాంపూ పెడతాం. ముఖానికి క్రీము రాస్తాం. చంటిపిల్లలకు స్నానం కాగానే లోషను పూస్తాం. ఈ సీసాల మీద గత కొన్నేళ్ళుగా ఒక మాట పెద్ద అక్షరాలతో కనిపిస్తున్నది: “పారాబెన్ ఫ్రీ”. అంటే ఇందులో పారాబెన్ లేదు, నిశ్చింతగా వాడుకోండి అని చెప్పటమన్నమాట. ఆ మాట చదవగానే మనకు కలిగే మొదటి ఆలోచన ఏమిటి? పారాబెన్ అంటే ఏదో విషమై ఉంటుంది, లేకపోతే లేదని ఇంత గొప్పగా ఎందుకు చెప్పుకుంటారు అని.

పాఠశాలల్లో, మహిళా సంఘాల సమావేశాల్లో విజ్ఞానశాస్త్ర విషయాలు చెప్పటానికి వెళ్ళినప్పుడు నన్ను తరచుగా అడిగే ప్రశ్న కూడా ఇదే. “క్రీముల్లో క్యాన్సర్ తెచ్చే మందు కలుపుతారట కదా, నిజమేనా?” అని తల్లులు అడుగుతారు. అది తేలికగా కొట్టిపారేయవలసిన ప్రశ్న కాదు. బిడ్డ ఒంటికి రాసేదాని గురించి తల్లి అడగక ఎవరు అడుగుతారు? అందుకని ఈ ప్రసంగంలో మూడు విషయాలు వరసగా చూద్దాం. ఒకటి, అసలు ఈ పదార్థాన్ని ఎందుకు కలుపుతారు? రెండు, దాని మీద భయం ఎక్కడి నుంచి వచ్చింది, అందులో నిజం ఎంత? మూడు, ఆ భయంతో దాన్ని తీసేసినప్పుడు ఏం జరిగింది? ఈ మూడో ప్రశ్నను సాధారణంగా ఎవరూ అడగరు. కాని మనం నేర్చుకోవలసిన పాఠం చాలావరకు అందులోనే ఉంది.

మొదటి ప్రశ్నకు జవాబు మన వంటింట్లోనే ఉంది. ఆవకాయ జాడీలో తడి గరిటె పెట్టవద్దని ఇంట్లో పెద్దవాళ్ళు ఎందుకు కేకలేస్తారు? తడి తగిలితే బూజు పడుతుంది. ఉప్పు, నూనె, కారం, ఆవపిండి, మామిడికాయలోని పులుపు కలిసి సూక్ష్మజీవులను ఏడాది పొడుగునా దూరంగా ఉంచుతాయి. అక్కడ నీరు చేరితే ఆ కట్టుదిట్టం సడలిపోతుంది. సూక్ష్మజీవులకు తిండి ఒక్కటే చాలదు, నీరు కావాలి.

ఇదే సూత్రాన్ని ఒంటికి రాసుకొనే వస్తువులకు వర్తింపజేసి చూడండి. సున్నిపిండి డబ్బాలో నెలల తరబడి ఉన్నా చెడిపోదు, ఎందుకంటే అది పొడి. కొబ్బరినూనె చాలాకాలం నిలవ ఉంటుంది, ఎందుకంటే అందులో నీరు లేదు. కాని అదే సున్నిపిండిని నీళ్ళతోనో పాలతోనో కలిపి మర్నాటికి ఉంచితే పులిసిపోతుంది. అందుకే మనవాళ్ళు నలుగుపిండిని ఏ పూటకు ఆ పూటే కలుపుకున్నారు.

ఇప్పుడు క్రీము సంగతి చూద్దాం. క్రీము, లోషను అంటే నూనె, నీరు కలగలిపి విడిపోకుండా చేసిన మిశ్రమం. చాలా క్రీములలో సగానికి పైగా ఉండేది నీరే. ఆ నీటితో పాటు కొవ్వులు, గ్లిజరిన్, మొక్కల రసాలు, కొన్నింట్లో పాల పదార్థాలు, ప్రొటీన్లు ఉంటాయి. సూక్ష్మజీవులకు ఇంతకంటే విందు భోజనం ఏముంటుంది? పైగా ఆ సీసా చల్లని పెట్టెలో ఉండదు. మన ఎండల్లో, స్నానాల గది తేమలో, నెలల తరబడి ఉంటుంది. రోజూ వేళ్ళు పెట్టి తీస్తాం. తీసిన ప్రతిసారీ చేతి మీది సూక్ష్మజీవులను కొన్నింటిని అందులోకి పంపుతాం.

కొన్ని బాక్టీరియాలు అనుకూల పరిస్థితుల్లో 20 నిమిషాలకు ఒకసారి రెండింతలు అవుతాయి. ఒక్క కణంతో మొదలుపెట్టి లెక్క వేయండి. 8 గంటల్లో 24 సార్లు రెండింతలైతే ఆ ఒక్కటి సుమారు 1 కోటి 67 లక్షలవుతుంది. క్రీములో అవి ఇంత వేగంగా పెరగకపోవచ్చు. కాని వాటికి కావలసినంత సమయం ఉంది. సీసా మన ఇంట్లో ఆరు నెలలు ఉంటుంది కదా!

పెరిగితే ఏమవుతుంది? సూడోమోనాస్ అనే బాక్టీరియా ఉంది. తడి ఉన్న ప్రతిచోటా బతకగలదు. ఆరోగ్యవంతుల చర్మాన్ని అది సాధారణంగా ఏమీ చేయదు. కాని కంట్లో చిన్న గీత పడి అక్కడ అది చేరితే నల్లగుడ్డు మీద పుండు పడుతుంది, చూపు పోయే ప్రమాదం ఉంటుంది. 1970లలో అమెరికాలో, కనురెప్పల వెంట్రుకలకు రాసే మస్కారాలో ఈ బాక్టీరియా చేరి కొందరి కళ్ళు ఇలాగే దెబ్బతిన్నాయి. వాడుతూ ఉండగా మస్కారాలోని నిల్వకారకం చాలకపోవటమే అక్కడ లోపం. చంటిపిల్లలు, కాలిన గాయాలున్నవారు, రోగనిరోధక శక్తి తగ్గినవారు చెడిన క్రీము వాడితే చర్మం ద్వారా కూడా ప్రమాదం రావచ్చు. అన్నిటికంటే ఇబ్బందికరమైన విషయం ఏమిటంటే, బాక్టీరియా లక్షల్లో చేరిన తర్వాత కూడా క్రీము రంగు, వాసన మారకుండా ఉండవచ్చు. చూసి పోల్చుకోలేం.

కాబట్టి నీరున్న సౌందర్య సాధనాలలో సూక్ష్మజీవులను అదుపులో ఉంచే పదార్థం ఏదో ఒకటి ఉండాలి. దానినే నిల్వకారకం అంటాం. లేబుళ్ళ మీద ప్రిజర్వేటివ్ అని కనిపిస్తుంది. అది సరిగా పనిచేస్తున్నదో లేదో తయారీదారులు ఒక పరీక్ష ద్వారా తెలుసుకుంటారు. క్రీము నమూనాలలోకి కొన్ని రకాల బాక్టీరియాలను, ఒక ఈస్టును, ఒక బూజును కావాలనే, గ్రాముకు లక్షల సంఖ్యలో ఎక్కిస్తారు. తర్వాత 28 రోజులపాటు మధ్య మధ్య లెక్కిస్తారు. వాటి సంఖ్య నిర్ణీత గడువుల్లో తగ్గిపోవాలి, మళ్ళీ పెరగకూడదు. సీసా మన ఇంట్లో ఎదుర్కోబోయే దాడిని ముందుగానే ప్రయోగశాలలో చేసి చూడటమే ఈ పరీక్ష.

ఇలాంటి నిల్వకారకాలలో ఎక్కువకాలంగా, ఎక్కువగా వాడుకలో ఉన్నవి పారాబెన్లు. 1920ల నుంచే వీటి ఉపయోగం తెలుసు. రసాయనశాస్త్రం చదివిన విద్యార్థులకు ఇవి సులభంగా అర్థమవుతాయి. పారా హైడ్రాక్సీ బెంజోయిక్ ఆమ్లం అనే ఒక ఆమ్లం ఉంది. ఆమ్లం, ఆల్కహాలు కలిస్తే ఎస్టర్ ఏర్పడుతుందని ఇంటర్మీడియట్‌లో చదువుకున్నాం. ఈ ఆమ్లం మిథైల్ ఆల్కహాలుతో కలిస్తే మిథైల్‌పారాబెన్, ఇథైల్ ఆల్కహాలుతో కలిస్తే ఇథైల్‌పారాబెన్, ఇంకా పొడవైన గొలుసున్న ఆల్కహాళ్ళతో కలిస్తే ప్రొపైల్‌పారాబెన్, బ్యుటైల్‌పారాబెన్ ఏర్పడతాయి. అంటే పారాబెన్ అనేది ఒకే పదార్థం కాదు, ఒక కుటుంబం. ఈ మాటను గుర్తుంచుకోండి, ముందు ముందు దీనితో పని ఉంది.

ఈ కుటుంబంలో గొలుసు పొడవైనకొద్దీ సూక్ష్మజీవులను అణచే శక్తి పెరుగుతుంది. కాని నీటిలో కరిగే గుణం తగ్గుతుంది. సూక్ష్మజీవులు పెరిగేది నీటిలోనే కదా! అందుకని నీటిలో బాగా కరిగే మిథైల్‌నూ, శక్తి ఎక్కువున్న ప్రొపైల్‌నూ కలిపి వాడటం ఆనవాయితీ అయింది. వీటికి రంగు లేదు, వాసన దాదాపు లేదు, ధర తక్కువ. ముఖ్యంగా బూజు, ఈస్టుల మీద బాగా పనిచేస్తాయి. మూలమైన ఆమ్లం ఎన్నో పండ్లలో, కూరగాయల్లో సహజంగానే ఉంటుంది. మిథైల్‌పారాబెన్ బ్లూబెర్రీ పండ్లలో కూడా ఉంది. అయితే ప్రకృతిలో ఉన్నంత మాత్రాన ఏ వస్తువూ నిరపాయం కాదు. ఆ సంగతి తర్వాత చెప్పుకుందాం.

ఇక రెండో ప్రశ్న. 70 ఏళ్ళకు పైగా వాడుకలో ఉన్న వస్తువు మీద భయం ఎలా వచ్చింది?

1998లో ఇంగ్లండులోని శాస్త్రజ్ఞులు ఒక పరిశోధన ప్రకటించారు. పారాబెన్లు స్త్రీ హార్మోను ఈస్ట్రోజెన్ చేసే పనిని స్వల్పంగా చేయగలవని అందులో తేలింది. ఈస్ట్రోజెన్ అంటే తాళంచెవి అనుకుంటే, కణంలోని గ్రాహకం తాళం కప్ప. పారాబెన్ కూడా ఆ తాళంలో దూరుతుంది, కాని చాలా కష్టం మీద తిరుగుతుంది. ఎంత కష్టం మీద? ఈస్టు కణాలతో చేసిన ఆ పరీక్షలో బ్యుటైల్‌పారాబెన్ బలం శరీరంలోని సహజ హార్మోను ఈస్ట్రడయోల్ బలంలో 10,000వ వంతు. మిథైల్‌పారాబెన్ బలం సుమారు 25 లక్షలవ వంతు. ఒకే కుటుంబంలోని ఇద్దరి మధ్య ఎంత తేడా ఉందో చూడండి.

తర్వాత 2004లో ఇంగ్లండులోనే రీడింగ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు మరొక పత్రం ప్రచురించారు. 20 రొమ్ము క్యాన్సర్ గడ్డల నమూనాలను పరీక్షిస్తే, వాటిలో సగటున గ్రాముకు సుమారు 20 నానోగ్రాముల పారాబెన్లు ఉన్నట్లు తేలింది. నానోగ్రాము అంటే గ్రాములో వంద కోట్లవ వంతు. ఈ వార్త ప్రపంచమంతటా పాకింది. చంకల్లో రాసుకొనే డియోడరెంట్ల వల్లనే రొమ్ము క్యాన్సర్ వస్తున్నదన్నంత దూరం వెళ్ళింది.

ఇక్కడ మనం కాస్త ఆగి ఆలోచించాలి. ఆ పత్రంలో పారాబెన్ల వల్ల క్యాన్సర్ వచ్చిందని చెప్పలేదు. గడ్డలో పారాబెన్ ఉందని మాత్రమే చెప్పారు. ఆ రెండూ ఒకటి కావు. మంటలు ఆర్పే చోట అగ్నిమాపక సిబ్బంది కనిపించినంత మాత్రాన నిప్పు పెట్టింది వాళ్ళేనని అనం కదా! ఆరోగ్యంగా ఉన్న కణజాలంతో పోల్చి చూడలేదు. ఆ స్త్రీలు ఏయే వస్తువులు వాడారో వివరం లేదు. ఆ బృందమే తర్వాత 40 మంది స్త్రీల కణజాలం పరీక్షించి 2012లో ఫలితాలు ప్రకటించింది. వారిలో ఏడుగురు చంకల్లో ఎన్నడూ ఏ సౌందర్య సాధనమూ వాడలేదని చెప్పారు. అయినా వారిలోనూ పారాబెన్లు కనిపించాయి. అంటే అవి ఆహారం, మందులు, ఇతర క్రీములు వంటి మార్గాలలో చేరుతున్నాయన్నమాట.

అమెరికాలో 2005, 2006 సంవత్సరాల్లో సేకరించిన 2,548 మంది మూత్రం నమూనాలలో 99 శాతానికి పైగా మిథైల్‌పారాబెన్ కనిపించింది. ఈ అంకె రెండు విషయాలు చెబుతుంది. అందరి శరీరంలోకీ ఇది వెళుతున్నదన్నది ఒకటి. మూత్రం ద్వారా బయటికి వచ్చేస్తున్నదన్నది రెండోది. మన చర్మంలో, కాలేయంలో ఉండే ఎంజైములు పారాబెన్‌ను విడగొట్టి తిరిగి మూల ఆమ్లంగా మారుస్తాయి. దానిని మూత్రపిండాలు బయటికి పంపుతాయి. పాదరసం లాగా, సీసం లాగా ఇది ఒంట్లో ఏళ్ళ తరబడి పేరుకుపోయే పదార్థం కాదు. కాని రోజూ రాసుకుంటాం కాబట్టి రోజూ కొంత చేరుతూనే ఉంటుంది. అందుకే “ఎంత?” అన్న ప్రశ్న వేయాలి.

“ఎంత” అన్నదాన్ని శాస్త్రజ్ఞులు ఎలా లెక్క కడతారో ఒక ఉదాహరణతో చెబుతాను. విద్యార్థులు కాగితం, కలం తీసుకోవచ్చు. యూరప్‌లో వినియోగదారుల భద్రతను పరిశీలించే శాస్త్రీయ సంఘం వేసిన లెక్క ఇది. పెద్దవారు ఒకరు రోజుకు అన్ని రకాల సౌందర్య సాధనాలూ కలిపి 17.4 గ్రాములు ఒంటికి తగిలేలా వాడతారని అనుకున్నారు. అన్నింటిలోనూ బ్యుటైల్‌పారాబెన్ 0.19 శాతం ఉందనుకుందాం. అప్పుడు రోజుకు సుమారు 33 మిల్లీగ్రాములు చర్మం మీద పడుతుంది. అందులో మార్పు చెందకుండా లోపలికి వెళ్ళేది 3.7 శాతం, అంటే సుమారు 1.2 మిల్లీగ్రాములు. 60 కిలోల బరువున్న మనిషికి కిలోకు 0.02 మిల్లీగ్రాములు. ఎలుక పిల్లల మీద జరిపిన ప్రయోగంలో కిలోకు 2 మిల్లీగ్రాముల దాకా ఏ ప్రభావమూ కనిపించలేదు. 2ను 0.02తో భాగిస్తే 100 వస్తుంది. జంతువుకూ మనిషికీ తేడా ఉండవచ్చునని 10 రెట్లు, మనిషికీ మనిషికీ తేడా ఉండవచ్చునని 10 రెట్లు, మొత్తం 100 రెట్ల జాగ్రత్త ఉండాలన్నది నియమం. సరిగ్గా అక్కడ గీత గీశారు. ఈ 0.19 శాతాన్నే ఎస్టర్‌గా కాక ఆమ్లం లెక్కలో చెబితే 0.14 శాతం అవుతుంది.

2014లో యూరప్ చేసిన చట్టంలోని పరిమితి ఈ 0.14 శాతమే. ప్రొపైల్, బ్యుటైల్ పారాబెన్లు రెండూ కలిపినా దాన్ని మించకూడదు. మిథైల్, ఇథైల్ పారాబెన్లకు ఒక్కొక్కదానికి 0.4 శాతం, మిశ్రమంగా 0.8 శాతం అన్న పాత పరిమితి అలాగే ఉంది. తగినంత సమాచారం లేని మరో ఐదు పారాబెన్లను అదే సంవత్సరం పూర్తిగా నిషేధించారు. డెన్మార్క్ అంతకు ముందే, 2011లోనే, మూడేళ్ళలోపు పిల్లల వస్తువులలో ప్రొపైల్, బ్యుటైల్ పారాబెన్లను నిషేధించింది. 2014 యూరప్ చట్టం కూడా మూడేళ్ళలోపు పిల్లలకు డైపరు కట్టే చోట రాసి వదిలేసే క్రీములలో ఈ రెండూ ఉండకూడదన్నది. ఎందుకంటే అక్కడ చర్మం ఒరుసుకొని ఉంటుంది, పైన కప్పి ఉంటుంది, లోపలికి పోయే పాళ్ళు ఎక్కువ కావచ్చు. పైగా చంటిపిల్లల్లో విడగొట్టే ఎంజైములు ఇంకా పూర్తిగా ఎదగవు.

అనుమానాలన్నీ తీరిపోయాయని కూడా నేను చెప్పటం లేదు. ప్రొపైల్‌పారాబెన్‌ను యూరప్ 2006లోనే ఆహార పదార్థాల నుంచి తొలగించింది. కాలిఫోర్నియా రాష్ట్రం 2023లో చేసిన చట్టం ప్రకారం అక్కడి ఆహారంలో దానిపై నిషేధం 2027 జనవరి నుంచి అమలవుతుంది. బ్యుటైల్‌పారాబెన్‌ను 2020లో యూరప్ రసాయనాల సంస్థ, హార్మోన్ల వ్యవస్థకు సంబంధించి ప్రత్యేకంగా గమనించవలసిన పదార్థాల జాబితాలో చేర్చింది. ఇంకొక వైపు, మిథైల్‌పారాబెన్ 0.4 శాతం దాకా సురక్షితమేనని అక్కడి శాస్త్రీయ సంఘం 2023లో మళ్ళీ పరిశీలించి చెప్పింది. ఒకే కుటుంబం అయినా ఒక్కొక్కరి సంగతి ఒక్కొక్క రకం. “పారాబెన్లు మంచివా, చెడ్డవా?” అన్న ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు రాకపోవటానికి కారణం ఇదే. ఏ పారాబెన్? ఎంత? ఎవరికి? ఎక్కడ రాస్తారు? ఈ నాలుగూ చెబితేనే జవాబు వస్తుంది.

మన దేశంలో సౌందర్య సాధనాలు 1940 నాటి ఔషధ, సౌందర్య సాధనాల చట్టం కిందికి వస్తాయి. వీటికి ప్రత్యేకంగా 2020లో నిబంధనలు వచ్చాయి. ఏ పదార్థాలు కలపకూడదు, ఏవి ఎంత మేరకు కలపవచ్చు అన్నది భారతీయ ప్రమాణాల సంస్థ ఐ.ఎస్. 4707 అనే ప్రమాణంలో నిర్దేశించింది. కాబట్టి లైసెన్సు ఉన్న తయారీదారు తనకు తోచినంత కలపటానికి వీలులేదు.

ఇక మూడో ప్రశ్నకు వద్దాం. భయంతో పారాబెన్లను తీసేసినప్పుడు ఏం జరిగింది?

పారాబెన్ తీసేసినంత మాత్రాన క్రీములో నీరు పోదు, సూక్ష్మజీవులూ పోవు. దాని స్థానంలో మరొకటి వేయాలి. అలా ముందుకు వచ్చినవాటిలో ఒకటి మిథైల్ఐసోథయాజోలినోన్. పేరు పొడవు కనుక ఎం.ఐ. అందాం. దీనికి ఒక పూర్వ చరిత్ర ఉంది. ఎం.ఐ., దాని క్లోరిన్ సోదరి కలిసిన మిశ్రమాన్ని 1980లలోనే సౌందర్య సాధనాలలో వాడారు. చాలామందికి చర్మంపై అలర్జీ తెచ్చిందని తగ్గించారు. రెండింటిలో ఎం.ఐ. కొంత మెతకదన్న అభిప్రాయంతో, దాన్ని ఒంటరిగా పదిలక్షల పాళ్ళలో 100 పాళ్ళ దాకా వాడవచ్చునని యూరప్‌లో 2005లో అనుమతించారు. పారాబెన్ పేరంటే జనం జంకుతున్న కాలమది. చంటిపిల్లలను తుడిచే తడి కాగితాలు మొదలుకొని ముఖానికి రాసే క్రీముల దాకా ఎం.ఐ. చేరింది.

కొద్ది సంవత్సరాలలోనే చర్మ వైద్యుల దగ్గరికి జనం రావటం మొదలైంది. ముఖం ఎర్రబడి వాచిపోవటం, కళ్ళ చుట్టూ దురద, చేతుల మీద పగుళ్ళు. పిల్లలకు తడి కాగితంతో తుడిచిన చోటనే దద్దుర్లు. తుడిచిన తల్లుల వేళ్ళకూ అవే. యూరప్‌లో కొన్ని క్లినిక్కులలో, చర్మపు అలర్జీ అనుమానంతో పరీక్ష చేయించుకున్నవారిలో 10 శాతం దాకా ఎం.ఐ. పడనివారే కనిపించారు. అమెరికాలో ఇలాంటి అలర్జీలను పరిశీలించే వైద్యుల సంఘం, అమెరికన్ కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ, 2013కు ఎం.ఐ.ని “ఆ సంవత్సరపు అలర్జీ కారకం”గా ప్రకటించింది. యూరప్‌లో 2017 నుంచి, రాసి వదిలేసే క్రీములలోనూ తడి కాగితాలలోనూ దీన్ని నిషేధించారు. కడిగేసే షాంపూ వంటివాటిలో 2018 నుంచి 100 పాళ్ళ పరిమితిని 15 పాళ్ళకు తగ్గించారు.

ఈ అలర్జీలో ఒక చిక్కు ఉంది. శరీరం ఒకసారి ఒక పదార్థాన్ని శత్రువుగా గుర్తించిందంటే ఆ జ్ఞాపకం సాధారణంగా జీవితాంతం ఉంటుంది. అలాంటివారు క్రీములలోనే కాదు, గోడలకు వేసే రంగుల్లో, జిగురులో, అంట్లు తోమే ద్రవాల్లో కూడా ఆ పదార్థం కోసం వెతుక్కుంటూ బతకాలి. కొత్తగా రంగు వేసిన గదిలోకి వెళితే ముఖం వాచినవారున్నారు. హార్మోన్ల మీద ప్రభావం ఉందేమోనన్న అనుమానం నుంచి తప్పించుకోబోయి, ఎంతోమంది కళ్ళెదుట కనిపించే జబ్బు తెచ్చుకున్నారన్నమాట. పెనం మీద నుంచి పొయ్యిలో పడటమంటే ఇదే.

2019లో ఆ అమెరికా వైద్యుల సంఘమే మరొక ప్రకటన చేసింది. ఈసారి పారాబెన్లను ఎంచి, వాటిని “అలర్జీ కారకం కాని” పదార్థాలుగా ఆ సంవత్సరానికి ప్రత్యేకంగా పేర్కొన్నది. ఉన్న నిల్వకారకాలలో అలర్జీ అతి తక్కువగా తెచ్చేవి ఇవేనని ప్రజలకు గుర్తుచేయటానికి అలా చేశారు. ఇక్కడ ఒక మినహాయింపు చెప్పాలి. పుండు పడిన చర్మం మీద, ముఖ్యంగా కాళ్ళ మీద మానని పుళ్ళున్నవారిలో పారాబెన్ అలర్జీ అప్పుడప్పుడు కనిపిస్తుంది. అదే మనిషి ఆరోగ్యంగా ఉన్న చర్మం మీద రాసుకుంటే ఏమీ కాకపోవచ్చు.

ఈ కథ విన్న తర్వాత కొందరు, “ఈ గొడవంతా ఎందుకు, సహజమైనవి వాడితే పోలేదా?” అంటారు. సహజం అన్న మాటను కొంచెం పరీక్షగా చూడాలి. మన ఊళ్ళలో చాకలి గుర్తులకు వాడిన నల్లజీడి గింజ పూర్తిగా సహజమైనదే. దాని రసం తగిలితే చర్మం బొబ్బలెక్కుతుంది. మరో ఉదాహరణ. ద్రాక్ష కాదు, పంపరపనస జాతికి చెందిన గ్రేప్‌ఫ్రూట్ అనే పండు గింజల సారాన్ని సహజమైన నిల్వకారకంగా అమ్మేవారు. 1999లో జర్మనీ శాస్త్రజ్ఞులు అలాంటి ఆరు ఉత్పత్తులను పరీక్షించారు. ఐదు సూక్ష్మజీవులను చంపాయి. ఆ ఐదింటిలోనూ బెంజిథోనియం క్లోరైడ్ అనే కృత్రిమ రసాయనం కలిసి ఉంది. వాటిలో మూడింటిలో మిథైల్‌పారాబెన్ కూడా ఉంది! ఏ రసాయనమూ కలవని ఆరోది ఒక్క సూక్ష్మజీవిని కూడా అణచలేకపోయింది.

ఇంట్లో చేసుకొనేవి మంచివే. కలబంద గుజ్జు, శనగపిండి, పెరుగు, ముల్తానీ మట్టి హాయిగా వాడుకోండి. కాని వాటికి నలుగుపిండి నియమం వర్తిస్తుంది. ఏ పూటకు ఆ పూట కలుపుకోవాలి, మిగిలింది పారేయాలి. ప్రమాదమల్లా ఎక్కడంటే, కలబంద రసంతో ఇంట్లో చేసిన క్రీమును డబ్బాలో పెట్టి, నిల్వకారకాలు లేవని గొప్పగా రాసి, నెలల తరబడి అమ్మటంలోనూ కొని వాడటంలోనూ ఉంది. నీరు ఉండి, నిల్వకారకం లేకుండా, నెలలు నిలవ ఉండే క్రీము ఎలా సాధ్యమని అమ్మేవారిని తప్పకుండా అడగండి. నూనె, మైనం మాత్రమే ఉండి నీరు లేనిదైతే ఆ మాట నిజమే కావచ్చు.

ఇంతవరకు విన్నది మన ఇంట్లో ఎలా ఉపయోగపడుతుందో చెప్పి ముగిస్తాను.

క్రీము కొనేటప్పుడు సీసా ముందు వైపున ఏమి లేదని రాశారో కాక, వెనక వైపున ఏమి ఉందని రాశారో చూడండి. మన నిబంధనల ప్రకారం ఒక శాతం కంటే ఎక్కువ ఉన్న పదార్థాలను పరిమాణం ఎక్కువ నుంచి తక్కువకు వరసగా రాయాలి. అంతకంటే తక్కువ ఉన్నవి ఆ తర్వాత ఏ వరసలోనైనా ఉండవచ్చు. నిల్వకారకాల పేర్లు సాధారణంగా అక్కడ, చివరి వైపున ఉంటాయి. తయారీ లైసెన్సు సంఖ్య, బ్యాచ్ సంఖ్య, వాడవలసిన గడువు లేనివి కొనకండి.

చంటిపిల్లలకు డైపరు కట్టే చోట రాసే క్రీములో ప్రొపైల్‌పారాబెన్, బ్యుటైల్‌పారాబెన్ లేకుండా చూసుకోండి. అలాగే మిథైల్ఐసోథయాజోలినోన్ ఉందేమో కూడా చూడండి. అసలు పిల్లలను శుభ్రం చేయటానికి మెత్తని తడిగుడ్డ, మంచినీళ్ళు ఉంటే తడి కాగితాలతో పని లేదు.

ఏ నిల్వకారకానికైనా శక్తికి ఒక హద్దు ఉంటుంది. తడి చేతులతో క్రీము తీయకండి. సీసా అడుగుకు వచ్చిందని షాంపూలో, లోషనులో నీళ్ళు పోసి ఊపి ఉంచకండి. అలా చేస్తే నిల్వకారకం పలచబడిపోతుంది, ఆవకాయలో నీళ్ళు పోసినట్లవుతుంది. కాటుక, మస్కారా ఒకరివి ఒకరు వాడకండి. కళ్ళకలక వచ్చినప్పుడు వాడినదాన్ని పారేయండి, అది ఎంత ఖరీదైనా సరే.

ఏదైనా రాసుకున్న తర్వాత ఎర్రబడి, దురద పెడితే వెంటనే ఆపేయండి. చర్మ వైద్యుల దగ్గరికి వెళ్ళేటప్పుడు ఆ సీసాను కూడా తీసుకువెళ్ళండి. అనుమానం ఉన్న పదార్థాలను కొద్ది కొద్దిగా వీపు మీద పట్టీలతో అంటించి, రెండు రోజుల తర్వాత చూసే పరీక్ష ఒకటి ఉంది. దానితో ఏది పడదో తెలుస్తుంది. అప్పుడు ఆ ఒక్కదాన్ని మానుకుంటే చాలు, అన్నింటికీ భయపడనక్కరలేదు.

రసాయనం అన్న మాట విని భయపడటమూ, సహజం అన్న మాట విని నమ్మేయటమూ రెండూ ఒకే రకమైన పొరపాటు. మోతాదు మించితే ఏదైనా హానే. ఏ వస్తువు గురించైనా “ఇది ఉందా లేదా?” అని అడగటంతో ఆగకుండా, “ఎంత ఉంది, ఎందుకు ఉంది, ఇది తీసేస్తే దీని బదులు ఏం వేశారు?” అని కూడా అడగటం అలవాటు చేసుకుందాం. పిల్లలకు కూడా ఈ అలవాటు నేర్పుదాం. సీసా కొనబోయే ముందు వెనక వైపు తిప్పి చదివే ఇంట్లో ప్రకటనల మాట అంత సులభంగా చెల్లదు.